ముందు పిన్ని ఇంటికి వెళ్లండి

ప్రశ్న: మాది దివిసీమ, అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. నాకు యాభై దాటాయి, విజయవాడలో ఉంటున్నాను. మా అమ్మ గత పుష్యమాసంలో పోయింది. నాన్న అంతకు చాలా ముందే పోయాడు. తమ్ముడు హైదరాబాద్‌లో, చెల్లి డాలస్‌లో ఉంటారు. సంవత్సరీకానికి అమ్మ మీద ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచుదామనుకున్నాం. ఇంకా మూడు నెలలుంది. రాసే పని నా మీద పడింది. కూర్చుంటే 'మా అమ్మ చాలా మంచిది, కష్టజీవి, అందరినీ ప్రేమగా చూసేది' అన్న మూడు ముక్కలు దాటి కలం కదలడం లేదు. పుట్టిన తేదీ కూడా సరిగ్గా తెలియదు. విజయ నామ సంవత్సరం శ్రావణంలో పుట్టానని అనేది, ఆధార్‌లో మాత్రం 1955 జనవరి 1 అని ఉంది. ఇంకో రెండు చిక్కులున్నాయి. పుట్టింటి పొలం విషయంలో అమ్మకూ పిన్నికీ పట్టింపు వచ్చి ఇరవై ఏళ్లు మాటల్లేవు. అమ్మ పోయిన రోజు పిన్ని వచ్చింది గానీ గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్లిపోయింది. రెండోది, 77 ఉప్పెనలో నా తర్వాత పుట్టిన పిల్లవాడు పోయాడు. ఏడాది కూడా నిండలేదట. నాన్న ఒకసారి చెప్పాడు, అమ్మ ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఈ రెండూ రాయొద్దని తమ్ముడు గట్టిగా అంటున్నాడు. చెల్లి పిల్లలకు తెలుగు చదవడం రాదు. ఏం చేయమంటారు?
– ఒక పెద్ద కూతురు, విజయవాడ

సమాధానం: మీరు చాలా అడిగారు గానీ, అన్నిటికంటే తొందరగా తేలాల్సింది మీరు అడగనే లేదు. మీ పిన్నికి ఇప్పుడు ఎన్నేళ్లు? అమ్మకంటే నాలుగైదేళ్లు చిన్నదనుకున్నా డెబ్బైకి దగ్గర పడి ఉంటుంది. మీ అమ్మ ఏ బడికి వెళ్లింది, ఎందుకు మానేసింది, మీ నాన్న సంబంధం ఎవరు తెచ్చారు, ఆ సంబంధం ఆవిడకు ఇష్టమేనా కాదా, ఇవన్నీ కళ్లారా చూసిన మనిషి ఇంకెవరైనా మిగిలారా? ఉత్తరం చూస్తే లేనట్టే ఉంది. మీరు ముగ్గురూ ఎరిగిన అమ్మ అప్పటికే పెళ్లయి, పిల్లల తల్లయి, పొలం పాడి అత్తవారి చాకిరీ మధ్య ఉన్న మనిషి. అంతకు ముందరి ఇరవై ఏళ్లూ మీ పిన్ని దగ్గరున్నాయి. కాబట్టి కలం పక్కన పెట్టి ముందు ఆవిడ ఇంటికి వెళ్లండి. పుస్తకం ఈ సంవత్సరీకానికి రాకపోతే వచ్చే తద్దినానికి వస్తుంది. పిన్ని విషయంలో అలా వాయిదా వేయలేం.

గుమ్మం దగ్గర నిలబడి వెళ్లిపోయిందని రాశారు. మీ ఇంట్లో దాన్ని పొగరనుకున్నారో, బాధనుకున్నారో! నాకైతే ఇరవై ఏళ్లు మాటల్లేని మనిషి కబురు అందగానే బయల్దేరి వచ్చిందన్నదే పెద్దగా కనపడుతోంది. లోపలికి రమ్మని ఆవిణ్ని ఎవరైనా పిలిచారా?

మొదటిసారికి తమ్ముణ్ని వెంటబెట్టుకుని వెళ్లకండి. అతను పొలం మాట ఎత్తకపోయినా ఎత్తుతాడేమోనని ఆవిడ బిగుసుకుపోతుంది. గుమ్మంలో అడుగు పెట్టగానే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కకండి. ఊరికే కూర్చోండి, కాఫీ ఇస్తే తాగండి, అన్నం తినమంటే తినండి. 'అమ్మ చిన్నప్పటి సంగతులు నీకు తప్ప ఎవరికీ తెలియవు పిన్నీ, పిల్లలు అడుగుతున్నారు' అంటే చాలు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడకు చెప్పి, ఫోను దగ్గర్లో బల్ల మీద పెట్టి రికార్డు చేయండి. టీవీ కట్టేయించండి, ఉక్కపోసినా సరే ఫ్యాను కూడా ఆపండి. ఫ్యాను చప్పుడు మన చెవికి అలవాటైపోయి తెలియదు గానీ, రికార్డింగులో మాటను మింగేస్తుంది. ముసలివాళ్ల గొంతు ఎలాగూ సన్నగా ఉంటుంది.

ఏం వస్తుందన్నది మీరు అడిగే తీరును బట్టి ఉంటుంది. 'అమ్మ ఎలాంటిది పిన్నీ?' అని అడిగితే 'అక్క మనసు వెన్న' అంటుంది, అక్కడితో మాట అయిపోతుంది. మనిషి గురించి కాదు, పని గురించి అడగండి. మీ వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేస్తారు కదా, వరి కోసి తీసేసరికి మొలకలు వచ్చి ఉంటాయి. మీ తాత చేలో ఆ మినుములు చల్లేది ఎవరు? పీకేటప్పుడు అమ్మ ఎవరి పక్కన మునుం పట్టేది? సాయంత్రానికి అరచేతులు మండితే ఏం రాసుకునేవాళ్లు? కూలికి వెళ్తే గింజలిచ్చేవాళ్లా, డబ్బులిచ్చేవాళ్లా? ఆ డబ్బు తెచ్చి తాత చేతిలో పోసేదా, కాస్త కొంగున ముడేసుకునేదా? అవనిగడ్డకు సినిమాకు ఎవరితో వెళ్లింది, ఇంట్లో ఏమని చెప్పి వెళ్లింది? ఇలాంటి వాటికి 'మంచిది' అని జవాబు చెప్పడం కుదరదు. జరిగింది చెప్పాల్సిందే. ఒకటి చెప్పాక రెండోది దానంతటదే వస్తుంది. మీరు మధ్యలో తొందరపడి మాట అందించకుండా ఉంటే చాలు.

ఆవిడ చెప్పేది మీరు విన్నదానికి తేడాగా ఉంటే అక్కడే సరిదిద్దకండి. 'కాదు పిన్నీ, అమ్మ అలా చెప్పలేదు' అన్నారంటే ఆ రోజుకు కబుర్లు బంద్. ఇద్దరి మాటా రాసుకోండి, పుస్తకంలో ఇద్దరి మాటా వేయండి. అమ్మ ఇలా చెప్పేది, పిన్ని ఇలా చెబుతోంది అని. చదివేవాళ్లు తప్పు పట్టరు, వాళ్ల ఇళ్లలోనూ అంతే కాబట్టి.

ఇక కలం కదలని సంగతి. మీరు రాసుకున్న మూడు ముక్కల్లోనూ అబద్ధం లేదు. కానీ అవి ఏ దినకార్యం కార్డు మీదైనా అచ్చవుతాయి. ఫొటో మారిస్తే పక్కింటివాళ్ల అమ్మకూ సరిపోతాయి. కష్టజీవి అని రాసే బదులు తెల్లారుజామున ఎన్నింటికి లేచేదో, లేచి మొట్టమొదట ఏ పని చేసేదో, ఆ పని చేస్తూ ఏం గొణుక్కునేదో రాయండి. ప్రేమగా చూసేది అనే బదులు, వచ్చినవాళ్లను 'అన్నం తిన్నావా' అని అడిగేదా, అడక్కుండా కంచం పెట్టేసేదా? రెండూ ప్రేమే, కానీ ఆ రెండు పనులూ చేసేవాళ్లు ఒకే రకం మనుషులు కారు. కోపం వస్తే గిన్నెలు చప్పుడు చేసేదా, మాట్లాడ్డం మానేసేదా? చేపల పులుసులో తల ముక్క ఎవరికి వేసేది? మీ ముగ్గురిలో ఎవరి వైపు మొగ్గేది? (ఏ తల్లీ సమానంగా చూడదు. సమానంగా చూసిందని రాస్తే మీ చెల్లే నవ్వుతుంది.) ఆవిడ తిట్లు కూడా రాయండి. దివిసీమ ఆడవాళ్ల తిట్లకు ఒక ఒడుపు ఉంటుంది, అది ఆవిడతో పోకూడదు. మర్యాద కోసం తిట్టు మింగేసి 'ఆమె కాస్త కోపిష్టి' అని రాసే సంస్మరణ పుస్తకాలు నా దగ్గరకు చాలా వస్తుంటాయి. అవి చదివితే మనిషి కనపడదు, దండ వేసిన ఫొటో కనపడుతుంది.

అయినా ఏమీ గుర్తుకు రావడం లేదంటే అటక ఎక్కండి. ఎవరు అడిగినా నేను చెప్పే మాట ఇది. మన ఇళ్లలో ఆడవాళ్ల చరిత్ర కాగితాల మీద కంటే గిన్నెల మీద ఎక్కువ దొరుకుతుంది. స్టీలు సామాను కొన్నా, ఎవరికైనా పెట్టినా పేరు కొట్టించడం మనకు అలవాటు. చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు, పక్కన ఒక్కోసారి తేదీ. బిందె, క్యారేజీ, పళ్లెం, గంగాళం ప్రతిదీ తిరగేసి చూడండి. ఇత్తడివైతే చింతపండు పెట్టి తోమితే గానీ అక్షరం బయటపడదు. పెళ్లికి పుట్టింటివాళ్లు ఏమిచ్చారో, గృహప్రవేశానికి ఎవరు ఏం తెచ్చారో, మీ బారసాలకు వెండి గ్లాసు ఎవరు పెట్టారో వరసగా తెలుస్తుంది. ఒక పేరు 1980ల దాకా ప్రతి శుభకార్యానికీ కనపడి ఆ తర్వాత మాయమైతే ఆ మనిషి ఏమయ్యాడో ఆరా తీయండి. మీ పిన్ని పేరున్న గిన్నె ఒకటి తప్పకుండా ఉండి తీరుతుంది. అది అటక మీద దొరికిందా, పొయ్యి పక్కన రోజూ వాడే సామానులో దొరికిందా? మాటల్లేని ఇరవై ఏళ్లలో మీ అమ్మ ఆ గిన్నెను ఏం చేసిందన్నది మీరు ఎవరినీ అడక్కుండా, ఊహించకుండా, చూసి రాయగలిగిన వాక్యం. ఫొటో తీసేటప్పుడు వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టండి, ఎదురుగా ఫ్లాష్ కొడితే స్టీలు మెరిసిపోయి అక్షరాలు కనపడవు.

బీరువాలో కాగితాలు కూడా ఉంటాయి. పాత రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం, పాల లెక్కలు రాసుకున్న పంచాంగం, పెళ్లి శుభలేఖ. నేను ముందుగా వెతికేది మాత్రం పొదుపు సంఘం పుస్తకం. నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. దాని వెనకే ఊరూరా ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. అప్పటికి మీ అమ్మకు నలభై. సొంత పేరు మీద డబ్బు దాచుకోవడం ఆవిడకు అదే మొదటిసారి అయి ఉండొచ్చు. మొదటి అప్పు దేనికి తీసుకుంది? గేదెకా, మీ ఫీజుకా, చెల్లి పెళ్లికా? ఆ పుస్తకంలో మొదట వేలిముద్ర ఉండి, కొన్నేళ్లకు సంతకం కనపడిందంటే రెండు పేజీలూ ఫొటో తీసి పక్కపక్కన అచ్చు వేయండి. కింద ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు.

తేదీ సంగతి తేలికే. అమ్మ సరిగ్గానే చెప్పింది, ఆధార్ కార్డే తప్పు. విజయ నామ సంవత్సరం 1953 ఉగాది నుంచి 1954 ఉగాది దాకా. ఆ ఏడు వైశాఖం అధికమాసం వచ్చింది కాబట్టి శ్రావణం కాస్త వెనక్కి జరిగి, ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు రెండో వారం మొదటిదాకా నడిచింది. మీ అమ్మ ఆ నెల రోజుల్లో పుట్టింది. వరలక్ష్మీ వ్రతానికి ముందో తర్వాతో ఇంట్లో ఎవరైనా అనగా పిన్ని విని ఉంటే ఇంకా దగ్గరకు రావొచ్చు. తిథి తెలిస్తే ఆ ఏటి పంచాంగంతో తేదీ కట్టేయొచ్చు. జనవరి 1 అన్నది తేదీ తెలియనివాళ్లకు కార్డు రాసేవాళ్లు వేసేసే తేదీ. మన పల్లెల్లో పెద్దవాళ్లు చాలామంది కార్డుల్లో జనవరి 1నో జులై 1నో పుట్టారు! ఇంకో సంగతి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంటే మీ అమ్మ రాష్ట్రంకంటే కొన్ని వారాలు పెద్దది. పుస్తకానికి మొదటి వాక్యం దొరక్కపోతే ఇది తీసుకోండి, నేనేమీ అనుకోను.

మిగతా సంవత్సరాలను కూడా పెద్దవాళ్లు అంకెల్లో చెప్పరు. 'పుష్కరాలకు నువ్వు చంకలో ఉన్నావు' అంటారు. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి. ఏ పుష్కరమో తేలితే ఏడాది తేలినట్టే. 'ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ఏడు' అంటే 1983. మీ వైపు అయితే అన్నిటికీ ఒకటే గీత, ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత.

పొలం తగాదా రాయాలా అంటే, రాయండి. రాయకపోతే ఏమవుతుందో ఆలోచించండి. పుస్తకం చేతికి రాగానే ప్రతి బంధువూ ముందు పిన్ని ఫొటో ఉందా లేదా అని వెతుకుతాడు. లేదంటే, ఇరవై ఏళ్ల తగాదాను మీరే అచ్చు వేయించి ఇంటింటికీ పంచినట్టు. అలాగని ఎవరిది తప్పో తేల్చే పని పెట్టుకోకండి. ఇద్దరు ఆడవాళ్ల మొండితనంగా కూడా రాయకండి. వాళ్ల కాలంలో ఆడపిల్లకు పుట్టింటి పొలం అంటే చాలా ఇళ్లలో తండ్రి పసుపు కుంకుమ కింద రాసిస్తేనే దక్కేది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తిస్తుందంది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టేసింది. మీ అమ్మకూ పిన్నికీ అప్పటికే పెళ్లిళ్లయి ఉంటాయి. ఆ అడ్డు తీసేసిన కేంద్ర చట్టం 2005లో గానీ రాలేదు. మీ ఇంట్లో మాటలు ఆగిపోయింది కూడా ఇరవై ఏళ్ల కిందటే అంటున్నారు. ఆ చట్టం వచ్చాక పుట్టింట్లో పాత లెక్కలు ఏమైనా కదిలాయేమో కనుక్కోండి. హక్కుగా ఇవ్వాల్సినదాన్ని దయగా ఇచ్చినప్పుడు, ఆ ఇచ్చినది కూడా ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువైతే, అక్కచెల్లెళ్ల మధ్య పట్టింపు రాక ఏమవుతుంది?

పుస్తకంలోకి ఇంత చాలు: '2005 ప్రాంతంలో పుట్టింటి పొలం విషయంలో అమ్మకూ పిన్నికీ మాటలు ఆగిపోయాయి. అమ్మ పోయేదాకా మళ్లీ కలవలేదు. అమ్మ పోయిన రోజు పిన్ని వచ్చింది.' అచ్చుకు ఇచ్చే ముందు ఈ మూడు వాక్యాలూ పిన్నికి చదివి వినిపించండి. ఆవిడ వద్దంటే తీసేయండి, అది ఆవిడ బతుకు కూడా కాబట్టి ఆవిడ మాట చెల్లాలి. తమ్ముడు వద్దంటే మాత్రం తీసేయక్కర్లేదు.

పోయిన పిల్లవాడి సంగతిలో మీ తమ్ముడి మాటను నేను అంత తేలిగ్గా కొట్టేయలేను. అమ్మ బతికుండగా నోరు విప్పని సంగతిని ఆవిడ పోయాక మనం బజారున పెట్టడమేమిటని అతని బాధ అయి ఉంటుంది. న్యాయమైన బాధే. కానీ అమ్మ చెప్పుకోలేదు అంటే దాచిపెట్టిందని కాదు. 1977 నవంబరు 19, శనివారం, కార్తీకమాసం. సముద్రం దివిసీమ మీద పడింది. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లే ఊడ్చుకుపోయాయి. వేలమంది పోయారు. ఎంతోమందికి తమవాళ్ల శవం కూడా దక్కలేదు. మిగిలినవాళ్లకు కూర్చుని ఏడ్చే తీరికేదీ? కూడు లేదు, గూడు లేదు, చేలల్లో ఉప్పు దిగిపోయింది. మీ అమ్మకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు, చంకలో మీరు. ఆ తరంలో మీ వైపు చాలా ఇళ్లలో ఇలాంటి పేరు ఒకటైనా ఉంటుంది, పైకి ఎవరూ అనని పేరు.

రాయండి, కానీ ఊహించి రాయకండి. 'ఉవ్వెత్తున లేచిన అల తల్లి చేతుల్లోంచి పసిబిడ్డను…' లాంటి వాక్యం ఒక్కటి కూడా వద్దు. మీకు ఊహ తెలియదు, ఆవిడ చెప్పలేదు. మీరు చూసింది ఏదో అది రాయండి. మాఘ పౌర్ణమికి ఊళ్లోవాళ్లు హంసలదీవి సముద్ర స్నానానికి బయల్దేరితే అమ్మ వెళ్లేదా, ఏదో పని చెప్పి ఇంట్లో ఉండిపోయేదా? వాయుగుండం అని రేడియోలో చెప్పగానే ఏం చేసేది? 1990 మే నెల తుఫాను కూడా కృష్ణా జిల్లా మీదే పడింది. అప్పటికి మీకు పదిహేనేళ్లు, అంతా గుర్తుండే వయసు. ఆ రెండు రోజులూ అమ్మను తలుచుకోండి. మొదట ఏం సర్దింది? గేదెను కట్టేసి ఉంచిందా, పలుపు విప్పేసిందా? రాత్రి మిమ్మల్ని ఎక్కడ పడుకోబెట్టింది, తను పడుకుందా? ఆ రెండు రోజులు ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ వెంటనే 77లో జరిగింది ఒక్క వాక్యంలో చెప్పండి. అంతకు మించి వివరించే పని పెట్టుకోకండి.

పిల్లవాడి పేరు మీరు ఉత్తరంలో రాయలేదు. తెలియదేమో. పిన్నికి తెలిసే ఉంటుంది, నెలల పిల్లవాడు కాబట్టి బారసాల జరిగే ఉంటుంది, ఆవిడ వచ్చే ఉంటుంది. ఇది మాత్రం మొదటి రోజే అడగకండి. ఆవిడకు మీ మీద నమ్మకం కుదిరాక, రికార్డింగ్ ఆపేసి అడగండి. పుస్తకం వెనక వంశవృక్షం వేస్తారు కదా, అందులో అమ్మకు నలుగురు పిల్లలని వేయండి. తమ్ముడు ఇంకా వద్దంటే, వాదించకుండా ఒక్క మాట చెప్పి ఊరుకోండి: నీకు ఒక అన్న ఉండేవాడురా అని.

మనవళ్ల విషయంలో మీరు అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. పుస్తకం మొత్తాన్ని ఇంగ్లీషులోకి మార్చే బరువు ఎత్తుకోకండి, మూడు నెలల్లో అవదు, అయినా బాగుండదు. ఒక్కో అధ్యాయాన్నీ మీ గొంతుతో చదివి రికార్డు చేసి పంపండి. తెలుగు చదవలేని పిల్లలకు తెలుగు వినడం మామూలుగా వచ్చే ఉంటుంది, అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడినవాళ్లే కదా. వాళ్ల చేత కూడా తలా ఒక పేజీ రాయించండి. ఇంగ్లీషులో రాస్తే ఇంగ్లీషులోనే అచ్చు వేయండి. వాళ్లు ఎరిగిన అమ్మమ్మ మీరు ఎరిగిన అమ్మ కాదు. వీడియో కాల్‌లో నుదురూ సీలింగు ఫ్యానూ తప్ప ఏమీ కనపడని అమ్మమ్మ, మాట్లాడ్డం అయిపోయినా ఎర్ర బటన్ నొక్కడం తెలియక అటూ ఇటూ తిరుగుతూ ఇంట్లోవాళ్లతో మాట్లాడుతుంటే ఇవతల పిల్లలు నవ్వుతూ వింటూ కూర్చున్న అమ్మమ్మ. వేసవి సెలవులకు వచ్చి ఊళ్లో ఉన్న హైదరాబాద్ మనవళ్లు ఎరిగిన నాయనమ్మ ఇంకో మనిషి. ఎవరిది వాళ్లను రాయనివ్వండి. పెద్దవాళ్లు దిద్దొద్దు.

వాట్సాప్‌లో అమ్మ పంపిన వాయిస్ మెసేజీల మాటేమిటి? ఈ పని ఈ వారంలోనే చేయండి. ఖాతా 120 రోజులు వాడకపోతే వాట్సాప్ దాన్ని మామూలుగా తీసేస్తుంది. ప్రీపెయిడ్ సిమ్ మూడు నెలలు వాడకుండా పడి ఉంటే ఆ నంబరు వేరేవాళ్లకు పోవచ్చు. అయినా మీ ముగ్గురి ఫోన్లలోకి, పిల్లల ఫోన్లలోకి వచ్చిన మెసేజీలు అక్కడే ఉంటాయి, ఎవరూ ఫోను మార్చకుండా ఉంటే. అందరూ అమ్మ చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి ఒక చోట పెట్టండి. 'చారులో ఉప్పు ఎక్కువైంది, నువ్వేం వండావు' అన్న పది సెకన్ల మెసేజీ కూడా పారేయకండి. ఇంకో ఇరవై ఏళ్లకు పిల్లలు మీ పుస్తకంకంటే ముందు అదే వెతుక్కుంటారు.

అచ్చు గురించి రెండు ముక్కలు. విజయవాడలో ఉన్నారు కాబట్టి ప్రెస్సుకు కొదవ లేదు. యాభై, వంద కాపీలైనా డిజిటల్‌లో వేస్తారు. డెమ్మీ సైజు (మామూలు నవలల సైజు), అరవై డెబ్బై పేజీలు దాటనివ్వకండి. చదివేవాళ్లలో సగం మంది పెద్దవాళ్లే, అక్షరం పెద్దది పెట్టించండి. డీటీపీవాళ్లు చాలామంది ఇంకా అను ఫాంట్లలోనే కొడతారు. ఆ ఫైలు ఫోన్‌లో తెరిస్తే తెలుగు కాదు, పిచ్చి గుర్తులు వస్తాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులానే కనపడే యూనికోడ్‌లో కూడా ఒక కాపీ కావాలని ముందే మాట్లాడుకోండి, పని అయ్యాక అడిగితే విసుక్కుంటారు. ఫొటోల కింద పేర్లు ఎడమ నుంచి కుడికి అందరివీ రాయండి. 'బంధుమిత్రులతో అమ్మ' అని రాస్తే ఇంకో తరం తర్వాత ఆ ఫొటోలో అమ్మ ఎవరో కూడా తెలియదు.

చివర నాలుగు ఖాళీ పేజీలు వదలండి. పుస్తకం అందిన వారానికి ఫోన్లు మొదలవుతాయి, ఫలానాది రాయలేదేం, ఆ సంవత్సరం అది కాదు అని. మీ టెన్షన్ కొద్దీ సంజాయిషీ చెప్పకుండా, చెప్పినవాళ్ల పేరు వేసి ఆ ఖాళీ పేజీల్లో రాసుకోండి. పిన్ని కాపీ మాత్రం కొరియర్‌లో పంపకండి, తమ్ముడి చేత ఇప్పించండి.